డీఓ సున్నా కావాలి: నాచు నుంచి హైడ్రోజన్, మా ప్రాజెక్టు డైరీ

డిసెంబరు 1

నాచు వచ్చింది. వేలెడంత గాజు గొట్టం, లోపల అగార్ అనే జెల్లీ మీద ఆకుపచ్చగా పూసిన పల్చటి పొర, అంతే. పరిశోధనశాలలో పనిచేసే స్నేహితురాలు దూదిలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి పంపింది. పేరు క్లామిడోమోనాస్ రైన్‌హార్డ్‌టై. ఒక్కో కణం మిల్లీమీటరులో నూరో వంతు ఉంటుంది.

భీమవరంలో డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతాను. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో నాచు అంటే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. రొయ్యల చెరువు ఉన్న ప్రతివాడూ పొద్దున్నే గట్టు మీద నిలబడి నీటి రంగు చూస్తాడు. నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే ఆక్సిజన్ తినేస్తుంది, తెల్లవారుజామున డీఓ, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, పడిపోతే నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లు వేయాలి. ఇది మా బాబాయికి ఏ పుస్తకమూ నేర్పలేదు. ముప్పై ఏళ్ళుగా ఆయన నిద్రంతా డీఓ చుట్టూనే తిరుగుతోంది.

ఫైనలియర్ పిల్లలు నలుగురు ప్రాజెక్టు కోసం వచ్చినప్పుడు, ఆ డీఓ పడిపోవడంలోనే మనకు కావలసినది ఉంది అని చెప్పాను. ఆక్సిజన్ పూర్తిగా అయిపోయిన నీళ్ళలో, వెలుతురులో ఉంచితే, కొన్ని నాచులు హైడ్రోజన్ వదులుతాయి. మన మంచినీటి చెరువుల్లోనూ దొరికే సెనెడెస్మస్ అనే నాచులో గాఫ్రన్, రూబిన్ ఈ సంగతిని 1942లోనే రాశారు. కానీ వెలుతురు పడగానే నాచు ఆక్సిజన్ కూడా తయారు చేస్తుంది, ఆ ఆక్సిజన్ హైడ్రోజన్ చేసే ఎంజైమును చంపేస్తుంది. అందుకని చాలా ఏళ్ళపాటు అది నిమిషాల వ్యవహారంగానే మిగిలిపోయింది. 2000లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో అనస్తాసియోస్ మెలిస్, ఆయనతో పనిచేసినవాళ్ళు దారి చూపించారు: నాచుకు సల్ఫర్ ఆపేయండి అన్నారు. మేం చేయబోయేది అదే.

డిసెంబరు 9

నాచును పెంచే పోషక ద్రావణాన్ని మీడియం అంటారు, మాది టీఏపీ. ట్రిస్, అసిటిక్ యాసిడ్, ఫాస్ఫేట్, కొన్ని లవణాలు. కలిపేటప్పుడు ల్యాబ్ అంతా ఆవకాయ సీసా పక్కన వెనిగర్ ఒలికినట్టు వాసన. ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపే ఆటోక్లేవ్ రిపేరులో ఉంది కాబట్టి ఇంటి నుంచి పెద్ద ప్రెషర్ కుక్కర్ తెచ్చాను. మొదటి ఫ్లాస్కు మూడో రోజుకి తెల్లగా మబ్బు కట్టి పాడైంది. అసిటేట్ ఉన్న మీడియం అంటే బ్యాక్టీరియాకు విందుభోజనం. రెండో ఫ్లాస్కు బాగుంది.

ఈ రోజు పిల్లలకు మైక్రోస్కోపులో చూపించాను. కోలగా ఉన్న ఆకుపచ్చ గింజలు, ముందు రెండు మీసాలు, ఆ మీసాలతో ఈత కొడుతూ స్లయిడంతా తిరుగుతున్నాయి. ఒక పక్క చిన్న నారింజ చుక్క, అది కంటిచుక్క. వెలుతురు ఎటుందో దాంతోనే కనిపెడతాయి. ల్యాంపు ఒక పక్కకి జరిపితే అరగంటలో సీసాలో ఆ పక్కనే పచ్చదనం చిక్కబడింది. ఒకమ్మాయి చాలాసేపు కన్ను తీయలేదు. "ఇవి మొక్కలేనా మేడమ్, పురుగుల్లా పరిగెడుతున్నాయి" అంది. క్లాసులో ఏళ్ళ తరబడి బొమ్మ గీసి చెప్పాను. ఆ ఆశ్చర్యం ఎవరి మొహంలోనూ ఇంతవరకూ చూడలేదు.

డిసెంబరు 16

లీటరు కల్చర్, అంటే మీడియంలో పెరిగిన నాచు, సిద్ధం. క్లోరోఫిల్ కొలిచాం: కాస్త కల్చర్ సెంట్రిఫ్యూజులో వేగంగా తిప్పి, అడుగున దిగినదాన్ని 80 శాతం ఎసిటోన్‌లో కరిగించి, 645, 663 నానోమీటర్ల దగ్గర ఎంత వెలుతురు పీల్చుకుంటుందో రీడింగ్ తీసి, ఆర్నన్ సూత్రంలో వేశాం. లీటరుకు 18 మిల్లీగ్రాములు వచ్చింది. చాలు.

ఇక సల్ఫర్ తీసేయాలి. అది ఎందుకు పనిచేస్తుందో పిల్లలకు చెప్పిన మాటల్లోనే రాస్తున్నాను. ఆకులో నీటిని విడగొట్టే యంత్రం ఫొటోసిస్టమ్-2. దాని నడుమ డీ1 అనే ప్రొటీన్ ఉంటుంది. ఎండ తగిలేకొద్దీ అది దెబ్బ తింటూనే ఉంటుంది, కణం దాన్ని తీసేసి కొత్తది పెడుతూనే ఉంటుంది. కొత్తది కట్టడానికి సిస్టీన్, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాలు కావాలి, ఆ రెండిటిలోనూ సల్ఫర్ ఉంది. సల్ఫర్ లేకపోతే మరమ్మతు ఆగిపోతుంది. మరమ్మతు ఆగితే ఒక రోజులో నీటిని విడగొట్టే పని బాగా తగ్గిపోతుంది, ఆక్సిజన్ రావడమూ తగ్గుతుంది. కానీ కణం ఊపిరి పీల్చడం మానదు. మూత బిగించిన సీసాలో ఉన్న ఆక్సిజన్ మొత్తం తానే వాడేసుకుంటుంది. అప్పుడు హైడ్రోజినేజ్ అనే ఎంజైము నిద్ర లేచి, మిగిలిన ఎలక్ట్రాన్లను ప్రోటాన్లతో కలిపి హైడ్రోజన్‌గా బయటికి పంపుతుంది. ఆక్సిజన్ లేనప్పుడు ఎలక్ట్రాన్లకు వేరే దారి లేక తెరుచుకునే తలుపు అది.

కల్చర్ కడగడానికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా పట్టింది. మా సెంట్రిఫ్యూజులో 15 మి.లీ. గొట్టాలు ఎనిమిదే పడతాయి. తొమ్మిది విడతలు తిప్పాం. తర్వాత సల్ఫర్ లేని మీడియంతో మూడుసార్లు కడిగాం.

డిసెంబరు 19

బుడగలు వచ్చాయి. సీసా నుంచి గొట్టం కలిపి, నీళ్ళు నింపి తలకిందులుగా పెట్టిన కొలజాడీలో నీళ్ళు కిందికి దిగి, పైన 12 మి.లీ. వాయువు చేరింది. పిల్లలు ఫొటోలు తీసి ఇళ్ళకు పంపేశారు.

నాకు మనసొప్పలేదు. ఇంత తొందరగా రాకూడదు. చిన్న టెస్ట్‌ట్యూబులోకి వాయువు పట్టి, మూతి దగ్గర అగ్గిపుల్ల పెట్టాం. హైడ్రోజన్ అయితే టప్ అనాలి, అనలేదు. ఇంకో ట్యూబులో వెలిగించి ఊదేసిన అగరుబత్తి పెట్టాను. నిప్పు కణిక ఒక్కసారి తెల్లగా భగ్గుమని మండింది.

ఆక్సిజన్. మూడు రోజులూ మా నాచు హాయిగా కిరణజన్య సంయోగక్రియ చేసుకుంటూ కూర్చుంది.

డిసెంబరు 22

తప్పు దొరికింది, అది నాదే. టీఏపీలో మెగ్నీషియం సల్ఫేట్ బదులు మెగ్నీషియం క్లోరైడ్ వేశాను, సల్ఫర్ పోయిందనుకున్నాను. కానీ లీటరుకు ఒక మి.లీ. వేసే సూక్ష్మపోషకాల ద్రావణం పాతదే వాడాను. అందులో జింక్ సల్ఫేట్, ఫెర్రస్ సల్ఫేట్, కాపర్ సల్ఫేట్ ఉన్నాయి. చిటికెడే కదా అనుకుంటాం. లెక్క వేస్తే, మామూలు టీఏపీలో మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చే సల్ఫర్‌లో దాదాపు నాలుగో వంతు ఆ ఒక్క మి.లీ. లోంచే వస్తోంది.

అంతటితో ఆగలేదు. సీసాలు కడిగింది బోరు నీళ్ళతో. మా బోరు నీళ్ళలో ఉప్పదనం ఎక్కువ, సముద్రం దగ్గరే మరి. ఒక ట్యూబులో బోరు నీళ్ళు పోసి, రెండు చుక్కల హైడ్రోక్లోరిక్ యాసిడ్, తర్వాత బేరియం క్లోరైడ్ వేశాం. బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లబడింది, అంటే సల్ఫేట్ ఉంది. డిస్టిల్డ్ వాటర్ ట్యూబు అద్దంలా అలాగే ఉంది. ఆ రెండు ట్యూబులూ స్టాండులో పక్కపక్కనే పెట్టి ఉంచాను, సీసా కడిగేవాళ్ళకు కనపడేలా.

సూక్ష్మపోషకాలన్నీ క్లోరైడ్లతో మళ్ళీ తయారు చేశాం.

డిసెంబరు 28

లోపల ఏం జరుగుతోందో తెలియకుండా బుడగల కోసం కాచుకుని కూర్చోవడం ఇక కుదరదు. డీఓ మీటర్ కావాలి. మా డిపార్టుమెంటులో లేదు. బాబాయి దగ్గర ఉంది.

చెరువు దగ్గరికి వెళ్ళి అడిగితే ముందు నమ్మలేదు. "డీఓ ఎంత మీద ఉంచాలమ్మాయ్ మీకు?" అన్నాడు. సున్నా కావాలి బాబాయ్ అన్నాను. ఆయన మీటరు చేతిలో పట్టుకుని నా మొహంలోకి చూశాడు. "సున్నా ఏంటి తల్లీ! మూడు కిందికి దిగితేనే నాకు గుండె దడ. రొయ్యలన్నీ పైకి తేలిపోతాయి."

చెప్పాను. గట్టు మీద కూర్చుని మొత్తం విన్నాడు. ఆయన అడిగిన ప్రశ్న మా పిల్లలెవరూ అడగలేదు: "మరి ఊపిరాడక అది మాత్రం ఎన్నాళ్ళు బతుకుతుంది?"

మీటరు ఇచ్చాడు. పాత సీజన్‌ది, ప్రోబ్ మీద పొర కొత్తగా మార్చి మరీ ఇచ్చాడు.

జనవరి 4

రెండో విడత కూడా పోయింది, కానీ ఈసారి ఎందుకు పోయిందో చూస్తుండగానే తెలిసింది. డీఓ మొదటి రోజు లీటరుకు 9 మిల్లీగ్రాముల నుంచి 1.4 దాకా చక్కగా దిగింది. తర్వాత అక్కడే ఆగింది. 1.4, 1.3, 1.5. రాత్రి లైట్లు ఆర్పినా సున్నాకి రాలేదు. చీకట్లో నాచు ఆక్సిజన్ చేయదు కదా. అంటే బయటి నుంచి వస్తోంది.

రబ్బరు బిరడా చుట్టూ గ్రీజు రాశాం. మార్పు లేదు. చివరికి అనుమానం సీసాని కొలజాడీకి కలిపే సిలికోన్ ట్యూబు మీదకి వెళ్ళింది. మెత్తగా, తెల్లగా, ఎటు తిప్పితే అటు తిరిగే ఆ ట్యూబు నీళ్ళను ఆపుతుంది కానీ వాయువులను ఆపదు. ఆక్సిజన్ దాని గోడలోంచే లోపలికి వస్తుంది, అదే దారిలో హైడ్రోజన్ బయటికి పోతుంది. మేం మీటరు పొడుగు ట్యూబు వాడాం. అంటే సీసాకు మీటరు పొడుగు కిటికీ తెరిచిపెట్టామన్నమాట. ఈ పని మొదలుపెట్టే పిల్లలెవరైనా ఉంటే, ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. గాజు గొట్టాన్ని దీపం మీద వంచి, గాజు అంచుకి గాజు అంచు తగిలేలా పెట్టి, కలిసిన చోట మాత్రం మందపాటి బ్యూటైల్ రబ్బరు ముక్క తొడిగాం.

జనవరి 12

మూడో విడత. మధ్యాహ్నం పన్నెండుకి మూత బిగించాం. లీటరు సీసా, కింద మ్యాగ్నెటిక్ స్టిర్రర్, రెండు పక్కలా రెండేసి తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బులు. సీసా గోడ దగ్గర 7,500 లక్సు. గది 26 డిగ్రీలు. ఈ చలికాలం దాటితే ఏసీ లేకుండా ఈ పని ఇక్కడ సాగదు.

సాయంత్రం నాలుగుకి డీఓ 9.4. పెరిగింది, మొదట అలా అవుతుందని తెలుసు. రాత్రి తొమ్మిదికి 6.1. పిల్లలు పండక్కి ఊళ్ళకి వెళ్ళిపోయారు. తాళం నా దగ్గరే ఉంది.

జనవరి 13, భోగి

తెల్లవారకముందే భోగిమంట దగ్గర కాసేపు నిలబడి, స్నానం చేసి ఆరు గంటలకల్లా ల్యాబుకి వచ్చాను. డీఓ 1.8. పదకొండుకి 0.1. ఒంటిగంటకి 0.0. మీటరు తట్టి చూశాను. 0.0.

ఊరంతా బరుల దగ్గర ఉంది. మైకులు ఇక్కడికి వినపడుతున్నాయి. నేను ఒక్కదాన్నే సీసా ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. డీఓ సున్నా అయ్యాకే గొట్టాన్ని కొలజాడీకి కలిపాను, ముందు వచ్చిన ఆక్సిజన్ కలవకూడదని.

రాత్రి తొమ్మిది దాటాక మొదటి బుడగ. గొట్టం చివర ఆవగింజంత పుట్టి, అక్కడే వేలాడుతూ, మిరియం గింజంత అయ్యేదాకా ఊడిరాలేదు. ఊడి పైకి వెళ్ళడం చూశాను. రెండోది రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

జనవరి 14, 15

సంక్రాంతి పొద్దున ఆరుకి 7 మి.లీ. సాయంత్రం ఆరుకి 17. కనుమ సాయంత్రానికి 33.

రంగు మారుతోంది. ముదురు ఆకుపచ్చ పోయి లేత మామిడాకు రంగుకి వస్తోంది. సిరంజితో ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. కోల ఆకారం పోయి గుండ్రంగా ఉబ్బాయి. ఈత తగ్గింది. అయోడిన్ చుక్క వేస్తే లోపలంతా నల్లని ఊదారంగు. పిండిపదార్థం నిండుగా దాచుకున్నాయి. సల్ఫర్ లేక పెరగలేని కణం, దొరికిన కార్బన్‌ను ఇలా మూట కట్టుకుంటుంది. హైడ్రోజన్‌కి ఎలక్ట్రాన్లలో కొంత భాగం తర్వాత ఆ మూటలోంచే వస్తుంది. కరువొచ్చిన ఇల్లు గాదె తీసి తిన్నట్టు.

కనుమ రోజు మధ్యాహ్నం కరెంటు రెండు గంటలు పోయింది. ఇన్వర్టరు మీద స్టిర్రర్ ఒక్కటే పెట్టగలిగాను. ఆ రెండు గంటలూ బుడగ లేదు. లైట్లు వచ్చాక ఇరవై నిమిషాల్లో మళ్ళీ మొదలైంది. టెన్షన్ పడ్డాను కానీ, ఆ వాయువు వెలుతురు వల్లే వస్తోందనడానికి ఇంతకన్నా మంచి రుజువు నేను కావాలని పెట్టుకున్నా దొరికేది కాదు.

జనవరి 17

నిన్న సాయంత్రం 43. ఈ రోజు 46 దగ్గర ఆగిపోయింది. మెలిస్ బృందానికి లీటరుకి గంటకి 2 మి.లీ. పైనే వచ్చింది. మాకు బాగా వచ్చిన గంటల్లో కూడా ఒక మి.లీ. నిండలేదు.

బాబాయి అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. ఎన్నాళ్ళు బతుకుతుంది? సీసా మూత తీసి, మెగ్నీషియం సల్ఫేట్ వేసి, గాలి తగిలేలా దూది పెట్టి వదిలేశాను.

జనవరి 19

పిల్లలు వచ్చారు. పది మి.లీ. ట్యూబులోకి వాయువు పట్టి, అందరికీ కళ్ళద్దాలు పెట్టించి, అగ్గిపుల్ల దగ్గరికి తెచ్చాను. టప్! చిటిక వేసినంత శబ్దం. ట్యూబు లోపలి గోడకి సన్నగా ఆవిరి పట్టింది. ఆ ఆవిరే నీళ్ళు. నాచు విడగొట్టిన నీళ్ళే మళ్ళీ నీళ్ళయ్యాయి.

మిగతాదాంట్లో కొంత సీలు చేసిన సిరంజిలో స్నేహితురాలి ల్యాబుకి పంపాం. వాయువుల్ని విడదీసి కొలిచే గ్యాస్ క్రోమటోగ్రాఫ్ లెక్క: 84 శాతం హైడ్రోజన్, మిగతాది ఎక్కువగా నైట్రోజన్, కాస్త కార్బన్ డయాక్సైడ్.

సీసా సంగతి. సల్ఫర్ అందిన రెండు రోజులకి రంగు ముదిరింది. స్లయిడు మీద ఒకటి, రెండు, తర్వాత పది, మళ్ళీ ఈదుతున్నాయి.

జనవరి 25

లెక్కలు చూసుకోవాలి. 46 మి.లీ. లో 84 శాతం అంటే 38 మి.లీ. పైచిలుకు హైడ్రోజన్. మండిస్తే వచ్చే శక్తి సుమారు 0.13 వాట్-అవర్. మామూలు స్మార్ట్‌ఫోన్ బ్యాటరీలో ఒక శాతం కూడా నిండదు. బల్బులకి నాలుగు యూనిట్ల పైన కరెంటు కాల్చాం. ఆరుబయట ఎండలో పెడితే ఆ ఖర్చు ఉండదు, నిజమే, కానీ ఈ అంకె పిల్లల రికార్డులో ఉండాల్సిందే అని రాయించాను.

పక్కనే ఇంకో పని కూడా చేశాం. డాబా మీద ఐదు వాట్ల సోలార్ ప్యానెల్, పల్చటి పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో రెండు నికెల్ జాలీ ముక్కలు. మిట్టమధ్యాహ్నం 0.4 యాంపియర్ పారింది, నిమిషానికి 3 మి.లీ. హైడ్రోజన్. నాచు నాలుగు రోజుల్లో ఇచ్చింది ఇది పదిహేను నిమిషాల్లో ఇచ్చేసింది.

ఇలా ఎండతో నేరుగా నీటిని విడగొట్టే పనికి పెద్ద చరిత్రే ఉంది. 1972లో జపాన్‌లో ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్ మీద అల్ట్రావయొలెట్ వెలుతురు వేసి చూపించారు. 2011లో అమెరికాలో డేనియల్ నోసెరా బృందం సిలికాన్ పలకకి ఉత్ప్రేరకాలు పూసి నీళ్ళలో వేస్తే, ఎండలో ఒక పక్క ఆక్సిజన్, ఇంకో పక్క హైడ్రోజన్ బుడగలు వచ్చాయి. దాన్ని కృత్రిమ ఆకు అన్నారు. 2021లో జపాన్‌లోనే డొమెన్ బృందం నూరు చదరపు మీటర్ల పలకలు ఆరుబయట పెట్టి నడిపింది, ఎండలో అత్యధికంగా 0.76 శాతం హైడ్రోజన్‌గా మారింది. మన విశాఖ దగ్గర పూడిమడకలో వస్తున్న గ్రీన్ హైడ్రోజన్ హబ్ కూడా కరెంటుతో నీటిని విడగొట్టే దారిలోదే.

పిల్లల్లో ఒకడు సూటిగానే అడిగాడు: "మరి మేడమ్, నాచు ఎందుకు?"

వాడికి చెప్పింది ఇక్కడ కూడా రాస్తాను, ఎందుకంటే ఈ రెండు నెలల్లో నాకు గట్టిగా తెలిసింది అదే. ప్యానెల్ చెడిపోతే మనం వెళ్ళి బాగు చేయాలి. నాచు తన యంత్రాన్ని తానే బాగు చేసుకుంటుంది, ఎండలో ఉన్నంతసేపూ. వేలెడంత గొట్టంలోంచి లీటరు అయింది, ఎవరూ ఫ్యాక్టరీ పెట్టలేదు. దాని హైడ్రోజినేజ్‌లో ప్లాటినం లేదు, ఇనుము, సల్ఫర్ ఉన్నాయి. కానీ హైడ్రోజన్ కోసం మనం ఆపుతున్నది సరిగ్గా ఆ మరమ్మతునే. దాని బలం దేంట్లో ఉందో దాన్నే కట్టేసి పని చేయించుకుంటున్నాం, అందుకే నాలుగు రోజులకి ఆగిపోతోంది. మరమ్మతు ఆపకుండానే ఆక్సిజన్ నుంచి హైడ్రోజినేజ్‌ను కాపాడే దారి దొరకాలి. ఆక్సిజన్ తట్టుకునే ఎంజైము కోసం ప్రపంచంలో చాలామంది పనిచేస్తున్నది అందుకే. మా ల్యాబులో అది కాదు. మేం చేయగలిగింది ఇంకోటి ఉంది.

ఫిబ్రవరి 3

మీటరు తిరిగి ఇవ్వడానికి వెళ్ళాను. బాబాయి సెకీ డిస్క్ చెరువులో దించుతున్నాడు, నలుపు తెలుపు పలక ఎంత లోతులో కనపడకుండా పోతుందో చూసి నాచు ఎంత చిక్కగా ఉందో చెప్పే సాధనం. సీసా ఫొటో చూపించాను.

"ఇంత చిక్కగా పెంచితే ఎలాగమ్మాయ్, నడిమధ్యకి ఎండెక్కడ దిగుతుంది? అంచున ఉన్నవి తింటాయి, లోపలివి పస్తు" అన్నాడు.

అదే మాట మీద మెలిస్ ఏళ్ళ తరబడి పనిచేశారు. కణం తనకు వాడుకోగలిగిన దానికన్నా ఎక్కువ వెలుతురు పట్టేలా క్లోరోఫిల్ పెట్టుకుంటుంది. బయట చెరువులో పక్కదానితో పోటీకి అది లాభం, సీసాలో మనకు నష్టం. పైనున్న కణాలు మిగులు వెలుతురుని వేడిగా వదిలేస్తాయి, లోపలివి చీకట్లో ఉంటాయి. అందుకే క్లోరోఫిల్ తక్కువ ఉండే రకాలను ఆయన బృందం వెతికి పట్టుకుంది. మా దగ్గర ఆ రకం లేదు. పల్చటి సీసా పెట్టుకోగలం.

మీటరు ఇవ్వబోతే తీసుకోలేదు. "సున్నా అయినప్పుడు ఒకసారి నాకు ఫోన్ చెయ్యి, చూస్తాను" అన్నాడు.

ఫిబ్రవరి 9

నాలుగో విడత. గుండ్రటి సీసా బదులు రెండు గాజు పలకల మధ్య మూడు సెంటీమీటర్ల ఎడం ఉన్న పల్చటి తొట్టి, అక్వేరియం చేసే అతనితో అతికించాం. అంటించిన చోట కూడా సిలికోనే కాబట్టి పైన ఎపాక్సీ మందంగా పూశాం. ఈసారి సెంట్రిఫ్యూజు లేదు. పెరిగిన కల్చర్‌ను ఒక పాలు తీసుకుని తొమ్మిది పాళ్ళు సల్ఫర్ లేని మీడియంలో కలిపాం. ఉన్న కాస్త సల్ఫర్‌ను అవే వాడుకుని, అవే కరువులోకి వెళ్తాయి. రెండు మూడు రోజులు ఆలస్యం అవుతుంది, కానీ కణాలు నలగవు.

ఫిబ్రవరి 13

తొట్టికి అవతల పెట్టిన పేపరు మీద పెద్ద అక్షరాలు ఇటు నుంచి చదవగలుగుతున్నాం. గుండ్రటి సీసాలో చేయి పెట్టినా అవతల కనపడేది కాదు.

మధ్యాహ్నం మూడుకి డీఓ 0.3. నాలుగున్నరకి 0.0. బాబాయికి ఫోన్ చేశాను, చెరువు మేత పని పిల్లాడికి అప్పజెప్పి వస్తున్నానన్నాడు. గొట్టం కొలజాడీకి కలిపాం. ఆయన వచ్చేసరికి ఏడు దాటింది. గొట్టం చివర బుడగ వేలాడుతోంది. పిల్లలు స్టూలు జరిపి ఆయనకు చోటిచ్చారు.